ఒకటో తారీఖు

2024 ఆగస్టు 18, ఆదివారం

బాపు పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. అన్నా వదినా రేపు పొద్దున హైదరాబాద్ బస్సెక్కుతారు. రాత్రి అన్నాలు తిన్నాక అందరం వరండాలో కూచుంటే మాట అక్కడికే వచ్చింది. ఇక అమ్మ ఎవరి దగ్గరుండాలె? అన్న తన దగ్గరికి రమ్మన్నాడు. నేను జగిత్యాలలో నా దగ్గరికి రమ్మన్నాను. అమ్మ గోడకానుకుని కూచుంది, ఏ మాటా అనలేదు. చివరికి లేచి అల్మారా తాళం తీసి, బాపు ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇండ్ల ఏమున్నదో సూడు బిడ్డా. దీన్ని పైలంగ పెట్టుమని శాన సార్లు చెప్పిండు మీ బాపు."

బాపు 1972లో ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేరి, 2007లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఫైల్లో పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) ఉంది. ఇద్దరూ కలిసి దిగిన పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఉన్నాయి. ప్రతి పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత పెన్షన్ ఎంతయిందో లెక్క వేసుకున్న కాగితాలున్నాయి. అన్నిటికీ పైన ఆయన చేతిరాతతో ఒక తెల్ల కాగితం, "నా తర్వాత చేయవలసిన పనులు" అని.

మరణ ధ్రువీకరణ పత్రం ఎక్కువ కాపీలు తీసుకోవాలి. బ్యాంకుకు వెంటనే చెప్పాలి. చనిపోయిన రోజు వరకే పెన్షన్ నాది, ఆ తర్వాతిది పడితే వాపసు కట్టాలి. మరుసటి రోజు నుంచి ఫ్యామిలీ పెన్షన్ మీ అమ్మది. ఎస్టీఓ (సబ్ ట్రెజరీ) ఆఫీసులో దరఖాస్తుతో పాటు పీపీఓ, ఆధార్, పాన్, పాస్‌బుక్కు ఇవ్వాలి. మట్టి ఖర్చులకూ, నాకు రావలసి ఉండి మిగిలిపోయిన బకాయికీ (ఎల్‌టీఏ) వేరుగా రాయాలి. అన్నీ నంబర్లు వేసి రాశాడు. అడుగున గీత గీసి ఒక్క వాక్యం: "ఇది మీ అమ్మ హక్కు, ఎవరినీ బతిమిలాడవద్దు."

ఆ కాగితాన్ని అన్న రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత అమ్మ ఎక్కడుండాలన్న మాట మళ్లీ ఎవరం ఎత్తలేదు.

2024 ఆగస్టు 25, ఆదివారం

పేపర్ నిండా పెన్షన్ వార్తే. యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్ (యూపీఎస్)కు నిన్న కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. పాతికేళ్ల సర్వీసుంటే చివరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్. పెన్షనర్ పోతే అందులో 60 శాతం కుటుంబానికి. కనీసం పదేళ్లు చేసినవాళ్లకు నెలకు 10,000 గ్యారంటీ. వచ్చే ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఉద్యోగులకు అమలు. రాష్ట్రాలు కావాలంటే తీసుకోవచ్చు.

బాపు ఫైలు ముందేసుకుని పోల్చి చూశాను. ఆయనది పాత పద్ధతి, 1980 నాటి పెన్షన్ రూల్స్. 33 ఏళ్ల సర్వీసు నిండితే చివరి జీతంలో సగం పెన్షన్. ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం. అంటే బాపుకు నూరు వస్తే అమ్మకు అరవై. దాని మీద కరువు భత్యం ఎప్పటికప్పుడు కలుస్తుంది. డెబ్బై నిండితే అదనపు పెన్షన్ కూడా ఉంటుంది. అమ్మకు వచ్చే ఏడాది నిండుతాయి.

ఉద్యోగి సర్వీసులో ఉండగానే పోతే, లేక రిటైరైన కొద్దికాలానికే పోతే, మొదటి ఏడేళ్లు గానీ, ఆయన బతికుంటే 65 నిండే నాటి వరకు గానీ, ఏది ముందైతే అంతవరకు 30కి బదులు 50 శాతం ఇవ్వాలని ఆ రూల్స్‌లో ఉంది. రాసినవాళ్లు మనిషి పోయిన ఇంట్లోకి తొంగి చూసి రాశారనిపించింది. పిల్లల చదువులు నడుస్తుంటాయి, ఆడపిల్ల పెళ్లి ముందుంటుంది, అప్పు తీరి ఉండదు. ఆ ఇల్లు కొంచెం నిలదొక్కుకునే దాకా ఎక్కువ ఇవ్వాలని ఎవరో ఆలోచించారు.

బాపు రిటైరైనప్పుడు పెన్షన్‌లో కొంత భాగం కమ్యూటేషన్ చేసి ఒకేసారి తీసుకుని, ఆ డబ్బుతో ఈ ఇంటి మీద స్లాబు వేశాడు. పదిహేనేళ్ల పాటు నెలనెలా ఆ కోత పడింది. 2022లో కోత పోయి పూర్తి పెన్షన్ వచ్చినప్పుడు ఆయన ఎంత సంబరపడ్డాడో! అమ్మ పెన్షన్‌కు ఆ కమ్యూటేషన్‌తో సంబంధం లేదు. ఆయన చివరి జీతం మీదే లెక్క.

నూరు అరవై అవుతుంది గానీ ఇంటి ఖర్చులో నలభై తగ్గదు. కరెంటు బిల్లు అంతే, ఇంటి పన్ను అంతే, అమ్మ షుగర్ మందులు అంతే. తగ్గేది ఒక్క మనిషి తిండి. అందుకే ఆ అరవైలో ఒక్క రూపాయి కోసినా నేరుగా ఆమె మందుల మీదే పడుతుంది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం

రెండు రోజులుగా ఒకటే వాన. ఖమ్మం వైపు వరదలని టీవీలో చూపిస్తున్నారు. ఇంత వానలోనూ మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పొద్దుటి నుంచీ నల్ల బ్యాడ్జీల ఫొటోలు వస్తున్నాయి. ఈ రోజు మాకు పెన్షన్ విద్రోహ దినం. ఉమ్మడి రాష్ట్రంలో పాత పెన్షన్ బదులు సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) మొదలైంది 2004 సెప్టెంబర్ 1న. నేటికి ఇరవై ఏళ్లు.

నేను డీఎస్సీ-2003 టీచర్ల బ్యాచ్. నోటిఫికేషన్ వచ్చింది 2003 నవంబర్‌లో. రాత పరీక్ష రాశాను, పేరు వచ్చింది, పోస్టింగ్ చేతికి అందేసరికి 2005 నవంబర్ అయింది. నడుమ ఈ సెప్టెంబర్ 1 వచ్చింది. పరీక్ష పెట్టడం నా చేతిలో లేదు, నియామకపు ఉత్తర్వు ఇవ్వడం నా చేతిలో లేదు. ఆలస్యం ఎవరిదైనా, పాత పెన్షన్ పోయింది మాత్రం మాకు. 2003 డిసెంబర్ 22కు ముందు నోటిఫికేషన్ వచ్చిన పోస్టుల్లో చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పెన్షన్ ఎంచుకునే వీలు 2023 మార్చిలో ఇచ్చారు. మా బ్యాచ్ వాళ్లం అడుగుతున్నదీ అదే.

నా జీతంలో నెలనెలా పది శాతం కోస్తారు, ప్రభుత్వం అంతే కలుపుతుంది. రిటైరైన రోజున పోగైన దాంట్లో 60 శాతం చేతికిస్తారు, 40 శాతంతో యాన్యుటీ కొనాలి. ఆ 40 శాతానికి నెలకు ఎంత వస్తుందన్నది ఆ నాటి మార్కెట్, ఆ నాటి వడ్డీ రేటు చెప్పాలి. దాని మీద కరువు భత్యం ఉండదు. నా ప్రాన్ (పెన్షన్ నంబరు) ఖాతా తెరిచి చూస్తే నిల్వ ఎంతో కనిపిస్తుంది. నా తర్వాత నా ఇంటికి నెలకు ఎంత అన్నది మాత్రం అందులో లేదు.

సర్వీసులో ఉండగా పోయిన సీపీఎస్ ఉద్యోగి కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ ఇవ్వాలని మన రాష్ట్రంలో 2021లో ఉత్తర్వు వచ్చింది. మంచి ఉత్తర్వే. కరోనాలో పోయిన మా తోటి టీచర్ల ఇళ్లు గుర్తొస్తే దాని విలువ తెలుస్తుంది. కానీ ఆ పక్కనే ఇంకో ప్రశ్న వచ్చి నిలబడుతుంది. ఉద్యోగంలో ఉండగా చస్తే ఇంటికి ఆసరా ఉంటుందట, పూర్తి సర్వీసు చేసి బతికి బయటపడితే ఉండదట. ఏ మనిషినీ ఇలాంటి లెక్క వేసుకునే స్థితిలో పెట్టకూడదు.

2024 సెప్టెంబర్ 11, బుధవారం

అమ్మను తీసుకుని ఎస్టీఓ ఆఫీసుకు వెళ్లాను. ఫ్యామిలీ పెన్షన్ మొదలుపెట్టే ముందు ఆమె స్వయంగా కనిపించాలి.

పీపీఓలో అమ్మ పేరు చివర ‘వ్వ’ ఉంది, ఆధార్‌లో ‘మ్మ’ ఉంది. ఆధార్ తీసేటప్పుడు ఎవరో మర్యాదగా ఉంటుందని మార్చి రాసి ఉంటారు. ఇద్దరూ ఒక్కరేనని తహశీల్దార్ దగ్గర వన్ అండ్ సేమ్ సర్టిఫికెట్ ముందే తీసుకోవడంతో పని ఆగలేదు. మన పల్లెల్లో ఈ తేడా ఎన్ని ఇళ్లలో ఉందో! మనిషి బతికుండగానే చూసుకుని సరిచేయించుకుంటే, ఏడుపు ఆరని రోజుల్లో ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన అవస్థ తప్పుతుంది.

క్లర్కు డిస్క్రిప్టివ్ రోల్ తీశాడు. 2007లో పెన్షన్ కాగితాలు పంపినప్పుడు బాపు నింపిందే, నీలం సిరా కొంచెం వెలిసింది. అమ్మ ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. గుర్తింపు చిహ్నాల దగ్గర ఇలా ఉంది: ఎడమ చెంప కింద పుట్టుమచ్చ, కుడి ముంజేతి మీద, మణికట్టుకు రెండంగుళాల పైన పుట్టుమచ్చ.

"అమ్మా, ఒకసారి కుడి చెయ్యి చూపిస్తారా?" అన్నాడా అబ్బాయి చాలా మెల్లగా. అమ్మ గాజుల్లేని చెయ్యి బల్ల మీద చాపింది. రెండంగుళాల పైన, రాసినచోటే ఉంది మచ్చ. బాపు స్కేలు పెట్టి కొలిచి ఉంటాడు. ఆయన ఏ పని చేసినా అట్లాగే చేసేవాడు.

బయట బెంచీ మీద ఓ ముసలాయన పక్కన నలభై ఏళ్ల కొడుకు కూచున్నాడు. కొడుక్కి పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. తండ్రి చొక్కా కొస పట్టుకుని వదలడం లేదు. ఆయన భార్య పోయింది. సొంతంగా సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అందుకు మెడికల్ బోర్డు సర్టిఫికెట్టుతో కొడుకు పేరు కాగితాల్లోకి ఎక్కించడానికి వచ్చాడాయన. "నా పెన్షన్ మీద నాకు రంది లేదమ్మా. వీని పేరు ఎక్కిందని నా కండ్లతోటి సూస్తే నిమ్మళంగ నిద్రపోత" అన్నాడు.

ఈ పెన్షన్లకు పెట్టే ఖర్చును బడ్జెట్ మీద భారమని రాసే వ్యాసాలు నేనూ చదువుతుంటాను. ఆ వ్యాసాలు రాసేవాళ్లు ఒక్క పూట ఈ బెంచీ మీద కూచోవాలి.

2024 నవంబర్ 1, శుక్రవారం

దీపావళి వెళ్లిన మరునాడు. పొద్దున్నే అమ్మ ఫోన్‌లో మెసేజ్ మోగింది. బాపు పోయిన మరుసటి రోజు నుంచి లెక్కకట్టి బకాయితో సహా ఫ్యామిలీ పెన్షన్ పడింది.

"నా పేరు మీదనే పడ్డదా?" అడిగింది. అవునన్నాను. పాస్‌బుక్కులో అచ్చు వేయించుకు రమ్మంది. తెచ్చి ఇస్తే కళ్లజోడు పెట్టుకుని ఆ వరుస మీద వేలు పెట్టి చూసుకుంది. అమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. అంకెలు బాగా వస్తాయి.

ఆ ఖాతా ఇద్దరి పేరు మీదే ఉండేది. కానీ ఇన్నేళ్లలో అమ్మ తన సంతకంతో డబ్బు తీసింది లేదు. ఆ అవసరం రానివ్వలేదు బాపు. అయినా ఆ జీతం వెనక అమ్మ పని లేదా? బాపు ఊరి బడికి సైకిల్ మీద పోయే రోజుల్లో ఆమె నాలుగింటికి లేచి పొయ్యి ముట్టించేది. ఏడో తరగతి పరీక్షలప్పుడు దూరపు పిల్లలను బాపు ఇంట్లోనే పెట్టుకుని చదివిస్తే, వాళ్లందరికీ నెలల తరబడి అన్నం వండింది అమ్మే. ఆ పిల్లల్లో కొందరు నిన్న మొన్న వచ్చి ఆమె కాళ్లకు మొక్కి పోయారు. బాపు సర్వీసు రిజిస్టర్‌లో ఇంక్రిమెంట్లున్నాయి, బదిలీలున్నాయి, సెలవులున్నాయి. అమ్మ పని ఎక్కడా ఎక్కలేదు. ఆ పనిని సర్కారు ఒప్పుకున్న కాగితం ఏదన్నా ఉందంటే, ఇదొక్కటే.

సాయంత్రం కిరాణా కొట్టు బాకీ తానే వెళ్లి కట్టి వచ్చింది. అన్నకు ఫోన్ చేసి చెప్పింది: "నేనెటూ రాను నాయినా. నా ఇంట్ల నేను ఉంట. పండుగలకు మీరే రండ్రి." గొంతులో అలక లేదు. ఆగస్టులో గోడకానుకుని మౌనంగా కూచున్న మనిషి ఈ రోజు తన మాట తాను చెప్పింది. నెలకు ముప్పై వేలకు అటూ ఇటుగా వచ్చే ఆ డబ్బు ఆమెకు ఇల్లు కట్టించలేదు, బంగారం కొనిపెట్టలేదు. ఎక్కడ బతకాలో తానే తేల్చుకునే బలం ఇచ్చింది.

2024 నవంబర్ 10, ఆదివారం

పక్కింటి చిన్నమ్మ వచ్చి అమ్మతో చాలాసేపు కూచుంది. ఆమె భర్త దుబాయిలో పనికి పోయి అక్కడే గుండెపోటుతో చనిపోయాడు, పదేళ్ల పైమాట. మా జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో ఇట్లాంటి ఇళ్లు వెతకనక్కరలేదు. బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఇప్పుడు వేళ్లు వంగడం లేదు.

ఆమెకు వచ్చేది ఆసరా వితంతు పెన్షన్, 2,016 రూపాయలు. రాష్ట్రం వచ్చిన ఏడాది వెయ్యితో మొదలై, 2019లో ఇంతయింది. నాలుగు వేలు చేస్తామన్న మాట ఎప్పుడు నిజమవుతుందా అని చూస్తోంది. పేద వితంతువుల పెన్షన్‌లో కేంద్రం వాటా 300 రూపాయలు. 2012 నుంచి అదే. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఈ ఏడాది 5 లక్షల సాయం ప్రకటించింది. పాత చావులకు అది వర్తించదు.

"నీకు మంచిగైందక్కా," అంది చిన్నమ్మ అమ్మతో. అసూయ ఏమీ లేదు ఆ మాటలో. అమ్మ మాత్రం తల వంచుకుంది. ఆమె వెళ్లాక అంది: "అది నాకన్న ఎక్కువ కష్టం జేసింది బిడ్డా."

నిజమే. బాపు సర్కారు కొలువు చేశాడు కాబట్టి అమ్మకు హక్కు దొరికింది. చిన్నమ్మ భర్త కూడా ముప్పై ఏళ్లు చెమటోడ్చి ఇక్కడికి డబ్బు పంపాడు. ఆ డబ్బుతో ఇక్కడి దుకాణాలు నడిచాయి, ఇళ్లు లేచాయి. ఆయన పోయాక ఆయన భార్య మాత్రం ప్రతి ఎన్నికలోనూ ఎవరేమంటారో వినాల్సి వస్తోంది. నా పెన్షన్ కోసం నేను కొట్లాడేటప్పుడు ఈమె సంగతి వదిలేస్తే ఆ కొట్లాటకు అర్థం లేదు. చిన్నమ్మకు కూడా ధరలతో పాటు పెరిగే పెన్షన్, చట్టంలో రాసిన పెన్షన్ కావాలి.

2024 డిసెంబర్ 17, మంగళవారం

పెన్షనర్ల సంఘం భవనంలో సభ. బాపు ఏటా వెళ్లేవాడు, ఈసారి అమ్మను పిలిచారు. నేను బడి నుంచి పర్మిషన్ తీసుకుని తోడు వెళ్లాను.

ఈ తేదీ వెనక ఉన్నది ఒక తీర్పు. రక్షణ శాఖలో పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. పెన్షన్ లెక్కను మెరుగుపరుస్తూ 1979లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అయితే 1979 మార్చి 31న, లేదా ఆ తర్వాత రిటైరైనవాళ్లకే అది వర్తిస్తుందంది. ఒక రోజు ముందు దిగిపోయినవాడికి తక్కువ, మరునాడు దిగిపోయినవాడికి ఎక్కువ. 1982 డిసెంబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గీతను చెరిపేసింది. తీర్పు రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయ్. పెన్షన్ యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదని, గతంలో చేసిన సేవకు ప్రతిఫలమని, వృద్ధాప్యంలో మనిషికి ఆర్థిక భద్రత కల్పించే సామాజిక న్యాయమని అందులో స్పష్టం చేశారు. అంతకు ముందే 1971లో బిహార్‌కు చెందిన దేవకీనందన్ ప్రసాద్ కేసులో పెన్షన్ ఆస్తి హక్కు అని ఇదే కోర్టు చెప్పింది.

బాపు కాగితం అడుగున రాసిన వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజు తెలిసింది. ఏటా ఈ సభలో విని, అమ్మ కోసం దాచిపెట్టాడు.

సంఘం పెద్దాయన అమ్మకు శాలువా కప్పి, "ఇక మీరే మా సభ్యులమ్మా" అని రశీదు పుస్తకం ముందు పెట్టాడు. అమ్మ చందా కట్టి సంతకం చేసింది. నాకు మాత్రం సభ జరిగినంతసేపూ ఆ తేదీ గీత గురించే ఆలోచన. 1979 నాటి గీతను కోర్టు తప్పన్నది. 2004 నాటి గీతకు ఇవతల నేనున్నాను. అదే బడి, అదే నల్లబల్ల, అవే పాఠాలు. బాపు ఇల్లాలికి ఉన్న భరోసా నా ఇంటికి లేదు.

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మ లైఫ్ సర్టిఫికెట్ పని ఈ రోజు అయింది. వేలిముద్రలు మిషన్ మీద సరిగా పడలేదు, గీతలు అరిగిపోయాయి. ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉండబట్టి ఇంట్లోనే పూర్తయింది. మంచం పట్టిన పెన్షనర్లను ఆటోల్లో ఎక్కించుకుని ఆఫీసు మెట్ల దగ్గరికి తెచ్చిన రోజులు నాకు తెలుసు. ఈ మార్పు చేసినవాళ్లకు దండం పెట్టాలి.

మళ్లీ పెళ్లి చేసుకోలేదన్న డిక్లరేషన్ కూడా ఇవ్వాలి. చదివి వినిపిస్తే అమ్మ కాసేపు పలకలేదు. "గిది గూడ అడుగుతరా?" అని, సంతకం పెట్టింది. ఏటేటా ఈ వయసు ఆడవాళ్లందరి చేతా ఆ మాట రాయించుకోవడం నాకు బాధగా ఉంది. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న అమ్మాయి విషయంలో ఇంకా బాధ. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఉన్న ఆధారం పోతుందన్న భయంతో ఆమె బతుకంతా ఒంటరిగా గడపాలా? పిల్లల్లేని వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా, ఆదాయం పరిమితి దాటకపోతే ఫ్యామిలీ పెన్షన్ కొనసాగేలా కేంద్రం రూల్స్‌లో ఉంది. ఆ దయ అన్నిచోట్లా, అందరికీ ఉండాలి.

2025 ఏప్రిల్ 1, మంగళవారం

కేంద్ర ఉద్యోగులకు ఈ రోజు నుంచి యూపీఎస్ అమల్లోకి వచ్చింది. స్టాఫ్ రూములో మధ్యాహ్నమంతా అదే చర్చ. సర్వీసు, వయసు, నిల్వ అన్నీ కాగితం మీద వేసుకుని లెక్కలు కట్టారు. పాత పెన్షన్‌తో ఇది సమానం కాదని కొందరు, కనీసం ఇంత అని ముందే చెబుతోంది కదా అని కొందరు. నా మాట నేనన్నాను: ఏ పథకమైనా ముందు రెండే ప్రశ్నలు అడగాలి. నేను పోయాక నా ఇంటికి నెలకు ఎంత? ధరలు పెరిగితే అది పెరుగుతుందా?

మా ఆయనది ప్రైవేటు కంపెనీ, ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం). దాని కింద కనీస పెన్షన్ 2014 నుంచి 1,000 దగ్గరే ఆగింది. భర్త పోతే భార్యకు ఆయన పెన్షన్‌లో సగం. అంటే రిటైరయ్యాక మా ఇంట్లో ముందెవరు పోయినా, మిగిలినవాళ్లకు అమ్మ పరిస్థితి ఉండదు. అందుకే రాత్రి ఇద్దరం కూచుని నా ప్రాన్ నామినేషన్, ఆయన పీఎఫ్ నామినేషన్, గ్రాట్యుటీ కాగితాలు, పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ సరిచూశాం. బాపు లాగే నేనూ ఒక కాగితం రాసి ఫైలు పైన పెట్టాను. పిల్లలకు అది ఎక్కడుందో చెప్పాను.

కాగితాలు సర్దుకోవడం మా వంతు, అది చేశాం. మిగిలింది ప్రభుత్వం వంతు. ఈ సెప్టెంబర్ 1న నేను సభకు వెళ్తాను. మాట్లాడే అవకాశమిస్తే అమ్మ సంగతే చెబుతాను. బాపు చేసిన ముప్పై అయిదేళ్ల సర్వీసు వల్ల ఈ రోజు ఒక ఆడమనిషి తన ఇంట్లో, తన సంతకంతో, ఎవరి మొహమూ చూడకుండా బతుకుతోంది. 2041లో నేను దిగిపోయే నాటికి నాదీ ముప్పై ఆరేళ్ల సర్వీసవుతుంది. నా తర్వాత నా ఇంట్లో మిగిలినవాళ్లకు నెలకు ఇంత అని ఇప్పుడే రాసి ఇవ్వాలి. పక్కింటి చిన్నమ్మకూ అట్లాగే రాసి ఇవ్వాలి. అది వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.